ఫంగస్ ఒక్కటే.. దేశానికో లిస్టు! పంటల క్వారంటైన్ జాబితాలు ఎందుకు కలవవు?

గోధుమ గింజని నల్లటి పొడిగా మార్చేసే ఓ ఫంగస్ ఉంది. పేరు కర్నాల్ బంట్. అవును, హర్యానాలో ఉన్న ఆ కర్నాలే. ఈ ఫంగస్‌ని యూరోపియన్ యూనియన్ తన క్వారంటైన్ జాబితాలో పెట్టింది. 1996లో ఇది అమెరికాలో బయటపడితే అక్కడి వ్యవసాయ శాఖ ఎమర్జెన్సీ ప్రకటించింది. మన దేశంలో మాత్రం ఉత్తరాది రైతులు దశాబ్దాలుగా దీన్ని చూస్తూనే గోధుమ పండిస్తున్నారు.

ఫంగస్ అదే, గింజ అదే. మరి ఒక దేశానికి శత్రువైనది, ఇంకో దేశానికి పాత తెగులు ఎలా అయింది?

ఇది సైంటిస్టుల గొడవే కదా అనుకోకండి. ఈ లిస్టుల్లో ఒక్క పేరు చేరితే వేల టన్నుల సరుకు పోర్టులో ఆగిపోతుంది. చేరాల్సిన పేరు చేరకపోతే కొత్త తెగులు తోటలోకి నడిచి వచ్చేస్తుంది. అరటి పండించే కడప, అనంతపురం రైతుల దాకా వచ్చే విషయం ఇది. వివరాలు చూద్దాం.

క్వారంటైన్ లిస్ట్ అంటే ఏంటి?

చాలామంది దీన్ని "అత్యంత ప్రమాదకరమైన తెగుళ్ల లిస్ట్" అనుకుంటారు. అది కరెక్ట్ కాదు.

అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒప్పందం అని ఒకటుంది. 1951లో ఆమోదం పొందింది. రోమ్‌లోని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో నడుస్తుంది. భారత్ సహా 180కి పైగా సభ్యులున్నారు. దాని ప్రకారం ఒక తెగులుని క్వారంటైన్ తెగులు అనాలంటే రెండు షరతులు ఉండాలి.

మొదటిది: ఆ తెగులు వస్తే ఆ ప్రాంతానికి ఆర్థికంగా నష్టం జరిగే అవకాశం ఉండాలి.

రెండోది: ఆ తెగులు అక్కడ ఇంకా లేకపోవాలి. ఉన్నా పెద్దగా వ్యాపించకుండా, ప్రభుత్వ కంట్రోల్‌లో ఉండాలి.

అసలు కిటుకు ఆ రెండో షరతులోనే ఉంది. వరికి వచ్చే అగ్గి తెగులు మన రైతుకి ఎంత నష్టం చేస్తుందో అందరికీ తెలుసు. కానీ అది మన దేశమంతా ఉంది. ఇంట్లో ఉన్నదాన్ని గేటు దగ్గర ఆపడం కుదరదు కదా. అందుకే ఎంత నష్టం చేసినా దానికి ఈ షరతు వర్తించదు. అంటే ఈ లిస్టు చెప్పేది "ఏది ప్రమాదకరం" అని కాదు. "ఇంకా రాలేదు, రాకూడదు" అని.

ప్రతి దేశం పరిస్థితి వేరు కాబట్టి లిస్టు కూడా వేరుగానే ఉంటుంది. ఆ మేరకు తేడా సహజమే. సమస్యంతా మిగతా తేడాల దగ్గర వస్తుంది.

ఏ దేశం ఎలా రాసుకుంది?

అసలు లిస్టు రాసే పద్ధతే దేశానికోలా ఉంటుంది. పోల్చే ముందు ఇది తెలియాలి.

భారత్: మన దగ్గర 1914 నాటి డిస్ట్రక్టివ్ ఇన్‌సెక్ట్స్ అండ్ పెస్ట్స్ చట్టం ఇప్పటికీ ఆధారం. దాని కింద 2003లో ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ వచ్చింది. ఇందులో లిస్టు తెగులు పేరుతో మొదలవ్వదు, మొక్క పేరుతో మొదలవుతుంది. ఏ మొక్క, ఏ భాగం, ఏ దేశం నుంచి వస్తోంది.. దాన్నిబట్టి షరతులు. 4వ షెడ్యూల్‌లో పూర్తిగా నిషేధించినవి ఉంటాయి. 5వ దాంట్లో గుర్తింపు పొందిన సంస్థల సిఫార్సుతోనే అనుమతించేవి. 6వ దాంట్లో ఫలానా తెగుళ్లు లేవని ఎగుమతి చేసే దేశం అదనంగా హామీ రాసివ్వాల్సినవి. 7వ దాంట్లో తినడానికో, ఫ్యాక్టరీలో వాడటానికో వచ్చే సరుకు. కాబట్టి భారత్ లిస్టులో ఒక ఫంగస్ కోసం వెతికితే అది ఒకచోట దొరకదు. పంట పంటకీ వెతకాలి.

చైనా: ఇక్కడ ఒకటే కేటలాగ్. 1992లో అందులో 84 పేర్లే ఉండేవి. 2007లో కొత్తది విడుదల చేస్తే 435 అయ్యాయి. వాటిలో 125 ఫంగస్‌లే. తర్వాత చేర్పులతో మొత్తం 446కి, ఫంగస్‌లు 127కి చేరాయి.

యూరోపియన్ యూనియన్: 2019 డిసెంబర్ 14 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. క్వారంటైన్ తెగుళ్లను రెండు భాగాలు చేశారు. యూరప్‌లో అసలు లేనివి ఒక భాగం, అక్కడక్కడా ఉన్నవి ఇంకో భాగం. ఇవి కాకుండా వ్యాపించిపోయినా నారు మొక్కల్లో, విత్తనాల్లో పరిమితికి మించి ఉండకూడనివి మరో జాబితా. వీటన్నిటి పైన 2019లో 20 పేర్లతో ఒక ప్రాధాన్య జాబితా ప్రకటించారు. అందులో ఎక్కువగా పురుగులే. ఫంగస్ ఒక్కటే ఉంది. దాని సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

అమెరికా: ఎపిస్ అనే సంస్థ చూసుకుంటుంది. లిస్ట్ ఉంది, కానీ లిస్టులో లేనంత మాత్రాన రైట్ రైట్ అనడానికి లేదు. పోర్టులో కొత్త ఫంగస్ కనిపిస్తే అప్పటికప్పుడు రిస్క్ చూసి చర్య తీసుకుంటారు.

ఆస్ట్రేలియా: ఇంకా కఠినం. ఏ మొక్కైనా, విత్తనమైనా అనుమతి ఉన్న వాటిలో ఉంటేనే లోపలికి. లేకపోతే ముందు రిస్క్ పరిశీలన జరగాలి. 2015 నాటి బయోసెక్యూరిటీ చట్టం దీనికి ఆధారం.

ఇంత చదివాక ఒక విషయం అర్థమై ఉంటుంది. "చైనా లిస్టులో 127 ఫంగస్‌లు, ఫలానా దేశంలో 40 మాత్రమే, అంటే ఆ దేశం నిర్లక్ష్యంగా ఉంది" అని లెక్కలేసి చెప్పడం తప్పు. చిన్న లిస్టు ఉన్న దేశం గేటు మొత్తం మూసేసి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు కేసులు చూద్దాం.

కేసు 1: కర్నాల్ బంట్.. పొలంలో తక్కువ నష్టం, ఓడరేవులో ఎక్కువ నష్టం

ఈ ఫంగస్ శాస్త్రీయ నామం టిల్లేషియా ఇండికా. పేరులోనే ఇండియా ఉంది. 1930ల మొదట్లో కర్నాల్ ప్రాంతపు గోధుమల్లో గుర్తించారు. పట్టిన గింజ నల్లబడి చేపల వాసన వస్తుంది. 3 శాతానికి మించి ఇలాంటి గింజలు కలిస్తే ఆ పిండి తినడానికి పనికిరాదంటారు.

దిగుబడి మీద మాత్రం దీని దెబ్బ సాధారణంగా తక్కువే. అయినా ఎందుకంత భయం? ఎందుకంటే ఇది కనిపించిన దేశం నుంచి గోధుమ కొనడానికి చాలా దేశాలు ఒప్పుకోవు. 1996 మార్చిలో ఆరిజోనాలో బయటపడ్డప్పుడు అమెరికాని కంగారు పెట్టింది పంట నష్టం కాదు, ఎగుమతి మార్కెట్. వెంటనే ఆ ప్రాంతాలని క్వారంటైన్ జోన్లుగా ప్రకటించి, గింజల రవాణాపై ఆంక్షలు పెట్టారు.

మన దగ్గర దీన్ని విత్తన ధ్రువీకరణ నిబంధనలతో అదుపు చేస్తున్నారు. ఫౌండేషన్ విత్తనంలో 0.05 శాతం, సర్టిఫైడ్ విత్తనంలో 0.25 శాతం మించకూడదు. ఒక దేశానికి సున్నా, ఇంకో దేశానికి పరిమితి. రెండూ వాటి వాటి లెక్కలో కరెక్టే.

కేసు 2: నారింజ తొక్కపై మచ్చ.. డబ్ల్యూటీవో దాకా పంచాయితీ

యూరప్ ప్రాధాన్య జాబితాలో ఉన్న ఆ ఒకే ఒక్క ఫంగస్ ఇదే. సిట్రస్ బ్లాక్ స్పాట్. శాస్త్రీయ నామం ఫిల్లోస్టిక్టా సిట్రికార్పా. నారింజ, నిమ్మ జాతి కాయల తొక్క మీద నల్లటి మచ్చలు వేస్తుంది. తిన్నవాళ్లకి ఏమీ కాదు. కానీ కాయ అందం పోతుంది, ముందే రాలిపోతుంది.

దక్షిణాఫ్రికాలో ఇది ఉంది. తాజా నిమ్మ జాతి పండ్ల ఎగుమతిలో ఆ దేశం ప్రపంచంలో రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానం స్పెయిన్‌ది. స్పెయిన్ యూరోపియన్ యూనియన్ సభ్య దేశం. కథ ఎక్కడ ముడిపడిందో అర్థమైందిగా?

అసలు ప్రశ్న ఒక్కటే. మచ్చ ఉన్న కాయ ఓడలో యూరప్ వెళ్తే, దాని ద్వారా అక్కడి తోటలకి తెగులు అంటుకుంటుందా?

అమెరికా 2010లో తన రిస్క్ అంచనాలో కాయ ద్వారా వ్యాప్తి చెప్పుకోదగ్గది కాదని తేల్చింది. అదే ఏడాది ఫ్లోరిడాలో ఈ తెగులు బయటపడింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2014లో దీనికి భిన్నంగా చెప్పింది. మధ్యధరా తీరంలోని కొన్ని ప్రాంతాల వాతావరణం ఈ ఫంగస్‌కి సరిపోవచ్చని, కాయ ద్వారా రావడానికీ అవకాశం ఉందని అంచనా వేసింది. అక్కడి వాతావరణంలో ఇది బతకదన్నది దక్షిణాఫ్రికా వాదన. అయితే 2019లో మధ్యధరా తీరంలోనే ఉన్న ట్యునీషియాలో ఈ తెగులు కనిపించడంతో యూరప్ వాదనకి బలం వచ్చింది.

2024లో దక్షిణాఫ్రికా ఈ నిబంధనలపై ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది.

డబ్ల్యూటీవో నిబంధన ఏం చెబుతుంది? 1995లో అమల్లోకి వచ్చిన ఎస్పీఎస్ ఒప్పందం ప్రకారం ఏ దేశమైనా తన పంటల్ని తనకి నచ్చినంత గట్టిగా కాపాడుకోవచ్చు. కానీ ఆంక్షకి శాస్త్రీయ ఆధారం ఉండాలి. ఆధారాలు సరిపోనప్పుడు తాత్కాలికంగా ఆంక్ష పెట్టొచ్చు, తర్వాత సమీక్షించాలి. అంటే లిస్టులో పేరు రాయడం ఆ దేశం ఇష్టమే. ఎందుకు రాశారో చెప్పాల్సిన బాధ్యత కూడా ఆ దేశానిదే.

కేసు 3: 50 గ్రాముల గోధుమలో 30 వేల స్పోర్లు

కర్నాల్ బంట్‌కి దగ్గరి చుట్టం ఒకటుంది. దాన్ని టీసీకే అంటారు. గోధుమ మొక్కని పొట్టిగా చేసి గింజని పాడు చేస్తుంది. అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో ఉంది. ఇది వస్తుందన్న కారణంతో 1970ల నుంచి ఆ ప్రాంతపు గోధుమని చైనా రానివ్వలేదు.

1999 ఏప్రిల్‌లో రెండు దేశాల మధ్య వ్యవసాయ ఒప్పందం కుదిరింది. 50 గ్రాముల శాంపిల్‌లో 30 వేల స్పోర్ల వరకు ఉంటే ఫర్వాలేదని చైనా ఒప్పుకుంది. స్పోరు అంటే ఫంగస్‌కి విత్తనం లాంటిది. నిన్నటిదాకా సున్నా ఉన్న పరిమితి ఒక్క సంతకంతో 30 వేలు అయింది.

ఫంగస్ మారలేదు. చర్చల బల్ల దగ్గర లెక్క మారింది. చైనా డబ్ల్యూటీవోలో చేరడానికి ప్రయత్నిస్తున్న రోజులవి. లిస్టుల వెనక సైన్స్‌తో పాటు వ్యాపారం కూడా ఉంటుందనడానికి ఇంతకంటే క్లియర్ ఉదాహరణ దొరకదు.

కేసు 4: పేరు ఒకటే, శత్రువు వేరు

ఇప్పుడు మళ్లీ మన అగ్గి తెగులు దగ్గరికి వద్దాం. దీనికి కారణమైన ఫంగస్ పేరు మాగ్నపోర్తే ఒరైజే. ఇదే జాతిలో గోధుమకి పట్టే రకం వేరుగా ఉంది. దాన్ని వీట్ బ్లాస్ట్ అంటారు. 1985లో బ్రెజిల్‌లో మొదటిసారి గుర్తించారు. ముప్పై ఏళ్లు దక్షిణ అమెరికా దాటలేదు.

2016 ఫిబ్రవరిలో ఉన్నట్టుండి బంగ్లాదేశ్‌లో కనిపించింది. ఎనిమిది జిల్లాల్లో దాదాపు 15 వేల హెక్టార్లలో గోధుమ వెన్నులు తెల్లబడిపోయాయి. కొన్ని పొలాల్లో గింజే దక్కలేదు. శాస్త్రవేత్తలు జన్యువులు చదివి చూస్తే దక్షిణ అమెరికా రకానికి దగ్గరగా ఉందని తేలింది. 2018లో ఆఫ్రికాలోని జాంబియాలోనూ కనిపించింది.

బంగ్లాదేశ్ సరిహద్దు పక్కనే పశ్చిమ బెంగాల్. అందుకే అక్కడ నదియా, ముర్షిదాబాద్ జిల్లాల్లో గోధుమ సాగుకే సెలవు ప్రకటించారు. సరిహద్దు వెంట 5 కిలోమీటర్ల మేర గోధుమ వేయొద్దన్నారు. ఒక ఫంగస్‌ని ఆపడానికి పంటనే ఆపేశారన్నమాట.

ఇక్కడే లిస్టులోని చిక్కు బయటపడుతుంది. మాగ్నపోర్తే ఒరైజే అని జాతి పేరు మాత్రమే రాస్తే "అది మీ దేశంలో ఎప్పటి నుంచో ఉంది కదా, ఎందుకు ఆపుతున్నారు?" అని ఎగుమతిదారు అడగొచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. వరి మీద ఉన్నది అదే పేరు. అందుకే "గోధుమకి పట్టే రకం" అని విడిగా రాయాల్సిందే.

బ్రిటన్‌లో ఇలాంటి పేరు గందరగోళమే అడవుల్ని దెబ్బతీసింది. ఐరోపా ఖండంలో యాష్ చెట్లు 1990ల నుంచే ఎండిపోతున్నాయి. కారణం ఏ ఫంగస్ అని చూస్తే, ఎప్పటి నుంచో అక్కడే ఉన్న ఒక హానిలేని ఫంగస్ పేరు పడింది. "ఇది మన దగ్గర ముందే ఉంది" అంటే ఇక ఆపే అధికారం ఉండదు. నారు మొక్కల దిగుమతి కొనసాగింది. తర్వాత చూస్తే అది వేరే ఫంగస్, తూర్పు ఆసియా నుంచి వచ్చింది. బ్రిటన్ దిగుమతి నిషేధం పెట్టేసరికి 2012 అక్టోబర్ అయింది. అప్పటికే తెగులు దేశంలో ఉంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఫంగస్‌లకి ఒకప్పుడు రెండేసి పేర్లు ఉండేవి. జీవిత చక్రంలో ఒక దశకి ఒక పేరు, ఇంకో దశకి ఇంకో పేరు. 2011లో శాస్త్రవేత్తలు "ఒక ఫంగస్‌కి ఒకే పేరు" అని నిర్ణయించారు. దాంతో చాలా పేర్లు మారాయి. సిట్రస్ బ్లాక్ స్పాట్‌కి పాత పేరు గిగ్నార్డియా సిట్రికార్పా. ఒక దేశం లిస్టులో పాత పేరు, ఇంకో దేశం లిస్టులో కొత్త పేరు ఉంటే కంప్యూటర్ వాటిని రెండు ఫంగస్‌లుగా లెక్కేస్తుంది. పోల్చేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

కేసు 5: అరటికి టీఆర్4.. మన గుమ్మం దాకా

తెలుగు రైతులు తప్పకుండా తెలుసుకోవాల్సిన కేసు ఇది.

అరటిలో పనామా తెగులు మన దేశంలో చాలా కాలంగా ఉంది. ఫ్యుజేరియం ఫంగస్ వల్ల వస్తుంది. కానీ పాత రకం గ్రాండ్ నైన్ లాంటి క్యావెండిష్ అరటిని పెద్దగా ఏమీ చేయలేదు. అందుకే ప్రపంచమంతా ఆ అరటికి మారింది. కడప, అనంతపురం జిల్లాల నుంచి ఎగుమతి అయ్యేదీ ఎక్కువగా గ్రాండ్ నైన్ రకమే.

ఆ ఫంగస్‌లోనే ట్రాపికల్ రేస్ 4 అనే రకం పుట్టుకొచ్చింది. ముద్దుగా టీఆర్4. ఇది క్యావెండిష్‌నే చంపుతుంది. దీనికి మందు లేదు. నేలలో చేరితే దశాబ్దాలు ఉంటుంది.

ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీలో 1997లో కనిపించింది. 2015లో క్వీన్స్‌లాండ్‌లో, ఆ దేశపు అరటిలో 90 శాతానికి పైగా పండే చోట, ఒక తోటలో బయటపడింది. తర్వాత అక్కడి అరటి రైతుల సంఘం ఆ తోటనే కొని మూసేసింది. 2019 ఆగస్టులో కొలంబియా జాతీయ ఎమర్జెన్సీ ప్రకటించింది. 2021లో పెరూకి చేరింది.

మన దేశంలో బిహార్‌లోని కటిహార్ ప్రాంతంలో దీన్ని గుర్తించారు. ఉత్తరప్రదేశ్, గుజరాత్, మధ్యప్రదేశ్‌లోనూ కొన్ని చోట్ల ఉన్నట్టు పరిశోధకులు నిర్ధారించారు.

ఇప్పుడు ఆలోచించండి. పోర్టులో, ఎయిర్‌పోర్టులో పెట్టే లిస్టు విదేశాల నుంచి వచ్చేదాన్ని ఆపుతుంది. కటిహార్ నుంచి లారీలో వచ్చే అరటి పిలకల్ని ఎవరు ఆపుతారు? దేశం లోపల ఆంక్షలు పెట్టే అధికారం చట్టంలో ఉంది. డార్జిలింగ్ కొండల్లో బంగాళాదుంపకి వార్ట్ అనే ఫంగస్ వచ్చినప్పుడు, అక్కడి దుంపలు బయటికి వెళ్లకుండా 1959లో ఇలాగే కట్టడి చేశారు. కానీ విదేశీ దిగుమతుల లిస్టుతో పోలిస్తే ఈ దేశీయ లిస్టు చాలా చిన్నది. ఇక్కడ గేటు కాపలా ఎక్కువగా రైతు చేతిలోనే ఉంది.

కేసు 6: రెండు పొలాల్లో తెగులు, రాష్ట్రం మొత్తానికి బ్రేక్

అదే బంగాళాదుంప వార్ట్. కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ రాష్ట్రం దుంపలకి ఫేమస్. 2021 అక్టోబర్‌లో అక్కడ రెండు పొలాల్లో ఈ ఫంగస్ దొరికింది. నవంబర్‌లో అమెరికాకి తాజా దుంపల ఎగుమతిని కెనడా ప్రభుత్వమే ఆపేసింది. ఆపకపోతే అమెరికానే నిషేధం పెడుతుందని భయం. 2022 ఏప్రిల్ దాకా తినే దుంపలు కూడా మెయిన్‌ల్యాండ్ అమెరికాకి వెళ్లలేదు.

ఈ ఫంగస్ కూడా మనుషులకి హాని చేయదు. కానీ నేలలో దశాబ్దాల పాటు బతికే ఉంటుంది. అందుకే దాదాపు అందరి లిస్టుల్లోనూ ఉంది. దేశాలు ఒకే మాట మీద ఉన్న అరుదైన కేసుల్లో ఇదొకటి.

అలాంటిదే ఇంకొకటి రబ్బరు ఆకు మాడు తెగులు. దక్షిణ అమెరికాలో రబ్బరు తోటల్ని ఇది నిలవనివ్వలేదు. బ్రెజిల్‌లో హెన్రీ ఫోర్డ్ వేసిన తోటలు కూడా దీని దెబ్బకి నిలబడలేదు. ప్రపంచ సహజ రబ్బరులో అత్యధిక భాగం ఇప్పుడు ఆసియాలోనే పండుతోంది. 1956లో అమల్లోకి వచ్చిన ఆసియా-పసిఫిక్ మొక్కల సంరక్షణ ఒప్పందంలో ఈ ఒక్క తెగులు కోసం ప్రత్యేక నిబంధనలు రాసుకున్నారు. దేశాలు కలిసి కాపలా కాస్తే ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ ఇది.

రెండు లిస్టులు పోల్చాలంటే.. ఈ 6 చెక్ చేయండి

విద్యార్థులైనా, విత్తన కంపెనీల్లో పనిచేసేవాళ్లైనా, ఎగుమతి చేసే రైతు సంఘాలైనా ఇవి గుర్తుపెట్టుకోండి.

1. సంఖ్య చూసి తీర్పు ఇవ్వొద్దు. లిస్టు పెద్దదా చిన్నదా కాదు, లిస్టులో లేనిదాన్ని ఆ దేశం ఏం చేస్తుందో చూడాలి.

2. పేరు పాతదా కొత్తదా చూడండి. ఒకే ఫంగస్‌కి ఉన్న పేర్లన్నీ ముందు ఒకచోట రాసుకోండి.

3. జాతి స్థాయిలో రాశారా, రకం స్థాయిలో రాశారా? వీట్ బ్లాస్ట్, టీఆర్4 కేసుల్లో తేడా అంతా ఇక్కడే.

4. ఆ తెగులు ఆ దేశంలో ఉందా లేదా? లిస్టులో లేదంటే ప్రమాదం లేదని కాదు, ముందే వచ్చేసి ఉండొచ్చు.

5. ఏ సరుకుకి వర్తిస్తుంది? విత్తనానికి ఒక రూల్, నారుకి ఒక రూల్, తినే కాయకి ఇంకో రూల్ ఉంటుంది.

6. లిస్టు తేదీ చూడండి. పాత కాపీ చూసి సరుకు పంపితే నష్టపోయేది మీరే.

ఇంకో చిన్న మాట. ఫైటాఫ్తోరా లాంటివి చూడ్డానికి ఫంగస్‌లాగే ఉంటాయి కానీ శాస్త్రపరంగా వేరే వర్గం. యూరప్ లిస్టులో "ఫంగస్‌లు, ఊమైసీట్లు" అని శీర్షికలోనే రెండూ రాశారు. వేరే దేశం లిస్టులో విడిగా ఉండొచ్చు. లెక్కేసేటప్పుడు గమనించండి.

మన దగ్గర ఎవరు చూస్తారు?

కేంద్రంలో ఫరీదాబాద్ కేంద్రంగా ఉన్న మొక్కల సంరక్షణ, క్వారంటైన్, నిల్వ డైరెక్టరేట్ ఈ పని చూస్తుంది. దీని క్వారంటైన్ స్టేషన్లు విశాఖపట్నం, హైదరాబాద్‌లో కూడా ఉన్నాయి. పరిశోధన కోసం వచ్చే విత్తనాల్ని మాత్రం ఎన్‌బీపీజీఆర్ పరీక్షిస్తుంది. దాని ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కి ప్రపంచం నలుమూలల నుంచి వచ్చే, అక్కడి నుంచి వెళ్లే వేరుశనగ, జొన్న, కంది, శనగ విత్తనాలు ఈ కేంద్రం చేతుల మీదుగానే వెళ్తాయి.

రైతులు ఏం చేయాలి?

అరటి వేసేవాళ్లు టీఆర్4 ఉన్న రాష్ట్రాల నుంచి పిలకలు తెప్పించుకోవద్దు. నమ్మకమైన, ధ్రువీకరించిన ల్యాబ్ టిష్యూకల్చర్ మొక్కలే తీసుకోండి. బయటి నుంచి వచ్చిన కత్తులు, పారలు, చెప్పులు, ట్రాక్టర్ టైర్లకి అంటిన మట్టి కడిగాకే తోటలోకి రానివ్వండి. కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కి వేలాడటం, కాండం మొదట్లో చీలడం, అడ్డంగా కోస్తే లోపల ఎర్రటి గోధుమరంగు చారలు కనిపించడం.. ఇవి దీని లక్షణాలు. పాత పనామా తెగులుకీ ఇవే లక్షణాలు ఉంటాయి. కంటితో చూసి తేల్చలేం, ల్యాబ్ పరీక్ష కావాల్సిందే. అనుమానం వస్తే ఆ చెట్టుని పీకి కాలువలో పడేయకండి. నీళ్లతో పాటే పోతుంది. వెంటనే ఉద్యానశాఖ అధికారికి గానీ కేవీకేకి గానీ చెప్పండి.

విదేశాలకి వెళ్లొచ్చేవాళ్లు ఏం చేయాలి?

అమెరికా వెళ్లేటప్పుడు సూట్‌కేసులో అమ్మ పెట్టిన పచ్చి కరివేపాకు అక్కడి ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారని చాలామందికి అనుభవమే. అది ఫంగస్ వల్ల కాదు. నిమ్మ జాతి చెట్లని చంపే గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా తెగులు, దాన్ని మోసే పురుగు ఆ ఆకుతో రావొచ్చని. ఏ లిస్టు కారణంగా ఆపినా రూల్ ఒక్కటే. మొక్కలు, ఆకులు, విత్తనాలు ఏవున్నా ముందే డిక్లేర్ చేయండి. అటు నుంచి వచ్చేటప్పుడు "అక్కడి గులాబీ కొమ్మ ఒకటి, టమాటా విత్తనాలు ఓ ప్యాకెట్" అని తేవద్దు. నాటుకునే మొక్కలకి, విత్తనాలకి అనుమతి పత్రం, ఆ దేశం ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం ఉండాల్సిందే.

చివరిగా..

లిస్టులో పేరు ఉందంటే ఆ తెగులు గేటు బయట ఉందని అర్థం. పేరు లేదంటే మూడు కారణాలు ఉండొచ్చు. ప్రమాదం లేకపోవచ్చు, ముందే లోపలికి వచ్చేసి ఉండొచ్చు, లేదా ఎవరూ ఇంకా గుర్తించి ఉండకపోవచ్చు. ఈ మూడింట్లో ఏది నిజమో తెలుసుకోకుండా పక్క దేశం లిస్టుని కాపీ కొట్టినా, మన లిస్టుని నమ్ముకుని కూర్చున్నా చివరికి నష్టపోయేది రైతే. బ్రిటన్‌లో యాష్ చెట్ల విషయంలో జరిగింది అదే.